తెల్లబోయే తలుపు

గరివిడి ఫ్యాక్టరీలో నా పని
వేడికి కాపలా.
కర్ర పుచ్చుకుని కాదు, కుంచె పుచ్చుకుని.

కొలిమి ఒంటికి పూసేది ఆకుపచ్చ.
మూడువందల డిగ్రీలు తగిలిందా, గోధుమరంగు తిరుగుతుంది,
మళ్లీ జన్మలో పచ్చబడదు.
ఎక్కడ కమిలితే అక్కడ
లోపల ఇటుక పలచబడిందని లెక్క.
మోటార్ల మూతలకి పూసేది వేరు, నీలం.
అరవై దాటితే తెల్లబోతుంది,
చల్లారితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నీలం.

మొదటిది పగ పట్టే రకం,
రెండోది మా దమయంతి రకం, అన్నాను ఒకసారి.
"రెండూ నానే.
నువ్వు ఏది పూస్తే అది"
అంది, చేపల పులుసు దించుతూ.

పోయిన కార్తీకంలో, రాత్రి రెండు గంటలకు
మూడో నంబరు పంపు మూత
చీకట్లో పాలచుక్కలా కనిపించింది.
అరిచాను. ఆపారు.
తెల్లారి ఇంజనీరుగారు పుస్తకంలో
మీటరు కనిపెట్టిందని రాసుకున్నారు.
రంగుకి సంతకం రాదు.
నాకూ అంతంతమాత్రమే.

డబ్బా అడుగున మిగిలింది, అరలీటరు ఉంటుందేమో.
పారబొయ్యమనలేదు ఎవరూ, దాచమనలేదు.
తువ్వాలు చుట్టి సైకిలు సంచిలో తెచ్చాను.
రైలుకట్ట అవతల మా ఇంటికి
తుప్పు తిన్న రేకు తలుపు ఒకటుంది.
రెండు పూతలు పట్టింది.

వేసవి దిగింది.
పొద్దున నీలం. పదకొండుకల్లా
పై అంచు నుంచి పాలిపోవడం మొదలు,
మిట్టమధ్యాహ్నానికి తలుపంతా తెలుపు,
తాడు మీద ఆరేసిన చీర నీడ పడ్డ మేర తప్ప.
పక్కింటి చిన్నమ్మడు తడివేలితో పేరు రాసేది.
అక్షరాలు నీలంగా లేచేవి,
చివరి అక్షరం దిద్దేలోగా
మొదటిది మాయం.

వైశాఖంలో ఒక ఆదివారం
కంట్రాక్టరు భుజంగరావు వచ్చాడు.
స్టోరులో డబ్బాల లెక్క తేలడం లేదట.
తొమ్మిదిన్నర. తలుపు బుద్ధిగా నీలంగా ఉంది,
ఎదురుగా మంచమేసి కూర్చోబెట్టాను.
డబ్బాల మాట నుంచి మోకాళ్ల నొప్పికి,
అక్కణ్నుంచి కూతురి పాలిటెక్నిక్ సీటుకి,
మాంగనీసు ధరకి, మళ్లీ డబ్బాలకి.
లేవడే.

పై అంచు పాలిపోయింది.
నా మొహం ఏ రంగు తిరిగిందో నాకు తెలీదు,
దమయంతికి తెలిసింది.
"ఓలమ్మో, ఏటి ఈ ఎండ! రేకు కాలిపోతంది" అంటూ
బిందెడు నీళ్లు తలుపు మీద కుమ్మరించింది.

తెలుపు మీద నీలం పరిగెత్తింది,
ధారలు ధారలుగా,
దాచాలనుకున్నదంతా చదివి వినిపిస్తున్నట్టు.

భుజంగరావు టీ గ్లాసు కింద పెట్టాడు.
తలుపు మెల్లగా ఆరింది, తెల్లబోయింది.
మేం ముగ్గురం అంతకన్నా.
చాలాసేపటికి, గొంతు సవరించుకుని,

"ఇంకోపాలి పొయ్యమ్మా" అన్నాడు.

మూడు బిందెలయ్యాయి.
నాలుగోది తనే తోడుకొచ్చాడు,
లుంగీ మోకాళ్ల పైకి మడిచి,
నొప్పి సంగతి మర్చిపోయి.

స్టోరు పుస్తకంలో 'ఒలికిపోయింది' అని రాశాడు.
నా జీతంలో నాలుగువందలు కోశాడు,
'ఇతరములు' అని.
నేను అడగలేదు. అతను చెప్పలేదు.

రెండో వేసవికి ఆ నీలం అలిసిపోయింది.
ఎండ పెట్టే పరీక్షలు రోజూ రాస్తే
ఏ రంగుకైనా ఓపిక ఎంతని?
ఇప్పుడు తలుపు పొద్దునా బూడిదే, మధ్యాహ్నమూ బూడిదే.
కాలిందో లేదో
చెయ్యి పెట్టి చూడాలి.

నేను డ్యూటీ దిగి వచ్చేసరికి
దమయంతి చూస్తుంది,
ముందు తలుపు మీద, తర్వాత నా నుదుటి మీద,
అదే చేత్తో.